అబార్షన్ హక్కు, చట్టం, వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలని, అడిగినవారికి అందుబాటులో ఉండాలని మా అభిప్రాయం. అది దాచుకుని తటస్థంగా మాట్లాడుతున్నట్టు నటించం. ఇక్కడి ప్రశ్నల్లో కొన్ని నిజంగా తెలుసుకోవాలని అడిగేవి, కొన్ని వాదన కోసం అడిగేవి. రెండు రకాలకూ జవాబు చెప్పాం.

నిషేధిస్తే అబార్షన్లు తగ్గిపోతాయి కదా?

తగ్గవు. కఠినమైన చట్టాలున్న దేశాల్లోనూ, అనుమతి ఉన్న దేశాల్లోనూ అబార్షన్ల రేటు ఇంచుమించు ఒకేలా ఉంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 7.3 కోట్ల అబార్షన్లు జరుగుతున్నాయి. వాటిలో 45 శాతం దాకా సురక్షితం కానివే. చట్టం మారితే ఈ రెండో అంకె మారుతుంది. మొదటిది పెద్దగా కదలదు.

రొమేనియాలో ఏం జరిగిందో చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. జనాభా పెంచాలని చౌషెస్కూ ప్రభుత్వం 1966లో 770వ నంబరు డిక్రీ తెచ్చింది. నలుగురు పిల్లల్ని కన్నవాళ్ళకు, 45 ఏళ్ళు దాటినవాళ్ళకు, మరికొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప అబార్షన్ నేరమైంది. గర్భనిరోధకాలు దొరక్కుండా పోయాయి. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. పాలకులు గెలిచామనుకున్నారు. కొన్నేళ్ళకే జనం దొంగదారులు వెతుక్కున్నారు, జననాల రేటు మళ్ళీ దిగిపోయింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు గర్భ పరీక్షలు పెట్టి, ఆసుపత్రుల్లో పోలీసులను కూర్చోబెట్టినా ఆగలేదు. 1989 నాటికి లక్ష కాన్పులకు సుమారు 170 మంది తల్లులు చనిపోతున్నారు. యూరప్‌లో అంతకు మించిన రేటు లేదు. ఆ మరణాల్లో అత్యధిక భాగం చాటుమాటు అబార్షన్ల వల్లే. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కూలింది, కొత్త పాలకులు వచ్చిన రోజుల్లోనే ఆ డిక్రీని ఎత్తేశారు. ఒక్క ఏడాదిలో తల్లుల మరణాలు సగానికి పడిపోయాయి. ఏడాదిలో కొత్త ఆసుపత్రులు కట్టలేదు, కొత్త మందులు కనిపెట్టలేదు. ఒక కాగితం రద్దు చేశారు, అంతే.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే జరిగింది. అక్కడ 1996 చట్టం వచ్చాక, అబార్షన్ సమస్యలతో చనిపోయే స్త్రీల సంఖ్య కొద్ది ఏళ్ళలో 91 శాతం తగ్గింది.

మరి అమెరికాలో 2022 తర్వాత?

1973లో రో వర్సెస్ వేడ్ తీర్పు ఇచ్చిన రాజ్యాంగ రక్షణను 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో అక్కడి సుప్రీంకోర్టు తీసేసింది. పదికి పైగా రాష్ట్రాలు అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధించాయి. దేశం మొత్తం మీద అబార్షన్లు తగ్గాయా అంటే, లేదు. 2023లో పది లక్షలు దాటాయి. అంతకు ముందు దశాబ్దం పైచిలుకు కాలంలో ఏ ఏడాదీ అన్ని లేవు. డబ్బూ సెలవూ ఉన్నవాళ్ళు పక్క రాష్ట్రానికి వెళ్ళారు, కొందరు ఫోనులో డాక్టరుతో మాట్లాడి పోస్టులో మాత్రలు తెప్పించుకున్నారు. ఈ రెండూ చేయలేని వాళ్ళు మిగిలిపోయారు. వాళ్ళు ఎవరో ఊహించడం కష్టమేమీ కాదు: వయసు తక్కువైనవాళ్ళు, పేదవాళ్ళు, చంటిపిల్లల్ని వదిలి కదల్లేని తల్లులు.

టెక్సాస్ ఏడాది ముందే, 2021 సెప్టెంబరులో, ఆరు వారాల నిషేధం తెచ్చింది. ఆ రాష్ట్రంలో 2021 నుంచి 2022కు శిశు మరణాలు సుమారు 13 శాతం పెరిగాయి. మిగతా దేశంలో పెరుగుదల 2 శాతం లోపే. బతికే అవకాశం లేదని స్కానింగులో తేలిన పిండాలను కూడా నెలలు నిండేదాకా మోసి, కని, కళ్ళముందే పోగొట్టుకోవాల్సి రావడం ఇందులో ఒక ముఖ్య కారణం. పసిప్రాణాల పేరుతో తెచ్చిన చట్టం ఇది.

తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంటుంది కదా?

కాగితం మీద ఉంటుంది. కానీ ముప్పు ఎంత పెరిగితే "ముప్పు" అంటారు? జ్వరం వస్తే చాలా? రక్తపోటు పడిపోవాలా? పొరపాటు పడితే డాక్టరే జైలుకు వెళ్ళాలన్నప్పుడు డాక్టరు ఏం చేస్తాడు? లాయరుకు ఫోను చేస్తాడు, ఆగుతాడు. ఇన్ఫెక్షన్ ఆగదు.

సవితా హలప్పనవర్ కథ ఇదే. కర్ణాటక నుంచి ఐర్లండ్ వెళ్ళిన దంతవైద్యురాలు, వయసు 31. 2012 అక్టోబరులో 17 వారాల గర్భంతో గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లే చెప్పారు. ఉమ్మనీరు పోయింది. ఎలాగూ నిలవదు కాబట్టి అబార్షన్ చేయమని ఆమె, ఆమె భర్త అడిగారు. పిండానికి గుండె చప్పుడు ఇంకా ఉంది కాబట్టి చట్టం ఒప్పుకోదన్నారు. ఆ చప్పుడు ఆగేదాకా వేచి చూశారు. ఈలోగా ఒంట్లోకి విషం పాకి అక్టోబరు 28న ఆమె చనిపోయింది. తల్లి ప్రాణం కాపాడటానికి ఐర్లండ్ చట్టంలో అప్పటికే అనుమతి ఉంది. ఉండీ ఆమెకు పనికి రాలేదు.

పోలండ్‌లో 2020 అక్టోబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ నిబంధనలను మరింత బిగించింది. మరుసటి ఏడాది ప్షినా పట్టణంలో 22 వారాల గర్భిణి ఒకామె ఇలాగే, పిండం గుండె ఆగేదాకా ఎదురుచూస్తూ, ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. అక్కడ కూడా ప్రాణాపాయం ఉంటే అనుమతి ఉంది.

"ప్రాణాపాయం ఉంటే తప్ప" అనే మాట వినగానే మనకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆ మాట ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర ఎలా పనిచేస్తుందో తెలిస్తే అలా అనిపించదు.

అబార్షన్ కాదు, దానంతట అదే కడుపు పోయింది. అలాంటి వాళ్ళకు ఈ చట్టాలతో ఏం పని?

వైద్యం రెండింటికీ ఒకటే. కడుపు పోయి లోపల ముక్కలు మిగిలినప్పుడు ఇచ్చే మాత్రలు, చేసే శుభ్రపరిచే పద్ధతి అబార్షన్‌కు వాడేవే. వాటికి ఆంక్షలు పెడితే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది. పైగా ఏది దానంతట పోయింది, ఏది కావాలని తీయించుకున్నది అని పరీక్షలో తేల్చడం చాలాసార్లు కుదరదు. కుదరని చోట అనుమానం పేదవాళ్ళ మీదే వాలుతుంది.

ఎల్ సాల్వడార్ 1998 నుంచి ఏ మినహాయింపూ లేకుండా నిషేధించింది. బిడ్డను పోగొట్టుకుని రక్తం కారుతూ ఆసుపత్రికి వెళ్ళిన ఆడవాళ్ళను హత్యానేరం కింద దశాబ్దాల శిక్షలు వేసి జైల్లో పెట్టారు. అలా శిక్షపడి, ఖైదీగా ఉండగానే క్యాన్సర్‌తో చనిపోయిన ఒక పల్లెటూరి తల్లి కేసులో, 2021లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఆ దేశాన్ని తప్పుపట్టింది. చికిత్స కోసం వచ్చినవాళ్ళ వివరాలను డాక్టర్లు పోలీసులకు చేరవేయడం తప్పని ఆ తీర్పులో ఉంది.

అసలు ఇది ఎలా చేస్తారు? ప్రమాదం కాదా?

తొలి నెలల్లో రెండు మార్గాలు. ఒకటి మాత్రలు. మిఫెప్రిస్టోన్ గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోను పనిచేయకుండా ఆపుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వేసుకునే మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. నొప్పి, రక్తస్రావం మామూలు నెలసరి కన్నా ఎక్కువగానే ఉంటాయి. అది మందు పనిచేస్తున్నట్టు. రెండోది సన్నని గొట్టంతో లోపలిది పీల్చి తీయడం, కొద్ది నిమిషాల పని. పదునైన పరికరంతో గీకి తీసే పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది, అయినా కొన్నిచోట్ల ఇంకా చేస్తూనే ఉన్నారు. మీకు ఏ పద్ధతి చేయబోతున్నారో అడిగి తెలుసుకోండి.

ఈ మాత్రలు కొత్తవి కావు. మిఫెప్రిస్టోన్‌కు ఫ్రాన్స్ 1988లోనే అనుమతి ఇచ్చింది. రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. సరైన సమాచారం, అవసరమైతే వెళ్ళడానికి ఒక ఆసుపత్రి ఉంటే, 12 వారాల లోపు స్త్రీ తన ఇంట్లోనే వేసుకోవచ్చని ఆ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తీవ్రమైన సమస్యలు నూటికి ఒకరికి కూడా రావు. అమెరికా లెక్కల మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం చట్టబద్ధ అబార్షన్ కన్నా కాన్పులో చనిపోయే ప్రమాదం సుమారు 14 రెట్లు ఎక్కువ.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిస్తే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే వెళ్ళాలి. రెండోది, గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున రెండు గంటలపాటు తడిసిపోతున్నా, ఒకరోజు దాటినా జ్వరం తగ్గకపోయినా, దుర్వాసనతో స్రావం వస్తున్నా ఆలస్యం చేయొద్దు.

తర్వాత పిల్లలు పుట్టరంటారు. రొమ్ము క్యాన్సర్ వస్తుందంటారు.

సురక్షితంగా జరిగితే సంతానానికి అడ్డు కాదు. కొద్ది వారాల్లోనే మళ్ళీ గర్భం రావచ్చు, అందుకే అదే రోజు గర్భనిరోధకం గురించి మాట్లాడతారు. క్యాన్సర్ మాట అబద్ధం. డెన్మార్క్‌లో 15 లక్షల మంది స్త్రీల రికార్డులు చూసి 1997లోనే సంబంధం లేదని తేల్చారు.

జీవితాంతం కుమిలిపోతారట?

దీన్ని ఊహతో తేల్చాల్సిన పని లేదు, అడిగి చూశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డయానా గ్రీన్ ఫోస్టర్ బృందం అమెరికాలోని 30 కేంద్రాలకు వచ్చిన సుమారు వెయ్యి మందిని ఐదేళ్ళ పాటు గమనిస్తూ వచ్చింది. కొందరు గడువులోపు వచ్చి అబార్షన్ చేయించుకున్నవాళ్ళు, కొందరు గడువు కొద్దిగా దాటడం వల్ల వెనక్కి పంపబడ్డవాళ్ళు. పోలికకు ఇంతకన్నా మంచి జత దొరకదు. ఐదేళ్ళ తర్వాత అడిగితే, చేయించుకున్నవాళ్ళలో 95 శాతానికి పైగా అది సరైన నిర్ణయమే అన్నారు. వెనక్కి పంపబడ్డవాళ్ళు అప్పుల్లో కూరుకుపోయారు, కొట్టే మగవాడితో బంధం తెంచుకోవడం వాళ్ళకు మరింత కష్టమైంది.

బాధపడేవాళ్ళు ఉండరా? ఉంటారు. సరైన నిర్ణయం తీసుకుని కూడా ఏడవొచ్చు. ఎవరో ఒకరు ఏడ్చారని మిగతా అందరికీ తలుపు మూసేస్తే ఎలా?

ఆరు వారాల గడువు చాలదా?

గర్భం వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు. ఇక మిగిలింది రెండు వారాలు. నెలసరి సక్రమంగా రానివాళ్ళకు, పాలిచ్చే తల్లులకు, ఇంకా పెద్దమనిషి అయి ఏడాది కూడా కాని పిల్లలకు ఆ రెండు వారాలు కూడా ఉండవు. ఆరు వారాలకు వినిపించే "గుండె చప్పుడు", ఇంకా పూర్తిగా రూపం కట్టని కణజాలంలోని కదలికను యంత్రం శబ్దంగా మార్చి వినిపించేది.

మరి గడువే లేకపోతే నెలలు నిండాక కూడా తీయించుకుంటారు కదా?

కెనడాలో 1988 మోర్గెంటాలర్ తీర్పు తర్వాత అబార్షన్ మీద క్రిమినల్ చట్టమే లేదు. అక్కడా అత్యధికం తొలి వారాల్లోనే జరుగుతున్నాయి. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 13 వారాల లోపు జరిగేవి 93 శాతం వరకు, 21 వారాలు దాటాక జరిగేవి 1 శాతం. కోరి ఆలస్యం చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. పిండం లోపాలు బయటపడే పెద్ద స్కానింగు చేసేదే 18 నుంచి 20 వారాల మధ్య. మిగిలిన ఆలస్యానికి డబ్బు, దూరం, భయం, ఆలస్యంగా తెలియడం కారణాలు. గడువు తగ్గించాలనేవాళ్ళే దారిలో అడ్డంకులు పెంచడం ఒక విచిత్రం.

పిండం కూడా ప్రాణమే కదా?

ఇదే అసలు ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసేయలేం. పిండంలో జీవం ఉందనడంలో వివాదం లేదు. అది ఎప్పుడు మనిషితో సమానమవుతుందన్న దాని మీద మతాలు ఏకాభిప్రాయానికి రాలేదు, ఒకే మతంలోని పండితులూ రాలేదు. విజ్ఞానశాస్త్రం తేదీ వేసి ఇచ్చేది కాదు.

అయితే చట్టం అడగాల్సింది వేరు. ఒక మనిషి శరీరాన్ని ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా మరొక జీవం కోసం తొమ్మిది నెలలు వాడుకోమని ప్రభుత్వం ఆజ్ఞాపించవచ్చా? కన్నబిడ్డకు కిడ్నీ కావాలన్నా తండ్రిని బలవంతంగా ఆపరేషన్ బల్ల ఎక్కించే చట్టం ఎక్కడా లేదు. ఇవ్వని తండ్రిని మనం తిట్టుకోవచ్చు, కానీ పోలీసులను పంపం. అబార్షన్ పాపమని నమ్మే స్త్రీని చేయించుకొమ్మని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆ నమ్మకం లేని స్త్రీకీ అదే మర్యాద దక్కాలి.

చైనా ఒక్క బిడ్డ విధానం కాలంలో బలవంతపు అబార్షన్లు జరిగాయి. రొమేనియాలో బలవంతపు కాన్పులు. రెండుచోట్లా ఆడవాళ్ళ కడుపు ప్రభుత్వ ప్రణాళికలో ఒక అంకె అయింది. మేం రెండింటినీ ఒకే కారణంతో వ్యతిరేకిస్తాం.

చట్టబద్ధం చేస్తే ఆడపిల్లల్ని కడుపులోనే తీసేయరా?

ఈ భయానికి ఆధారం ఉంది, ముఖ్యంగా భారత్‌లో. అందుకే 1994లో లింగనిర్ధారణ పరీక్షల మీద వేరే చట్టం వచ్చింది. నేరం పరీక్ష చేసి చెప్పడం దగ్గర ఉంది. ఆచరణలో మాత్రం కొందరు అధికారులు ఆ చట్టాన్ని అబార్షన్ చట్టంతో కలిపేసి, మాత్రలు అమ్మే షాపుల మీద దాడులు చేస్తారు. ఆ మాత్రలు ఎక్కువగా వాడేది లింగం తెలిసే అవకాశమే లేని తొలి వారాల్లో. కొడుకే కావాలని వేధించే ఇంట్లో ఆ స్త్రీ మాటకు విలువ లేకపోవడం రోగం. ఆమె చేతిలోంచి నిర్ణయం లాగేసుకుంటే ఆ రోగం ముదురుతుంది.

భర్త సంతకం కావాలా? పెళ్ళికాని వాళ్ళ సంగతి?

భారత చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం, అత్తగారి సంతకం అడిగే ఆసుపత్రులు చట్టంలో లేనిది అడుగుతున్నాయి. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి సంరక్షకుల సమ్మతి కావాలి. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు: 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాలకు ఇద్దరి అభిప్రాయం, ఆ తర్వాత పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు. పెళ్ళికానివారికీ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని, భర్త చేసిన అత్యాచారాన్ని కూడా ఈ చట్టం అవసరానికి అత్యాచారంగానే చూడాలని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పింది.

ఒక లోటు మాత్రం అలాగే ఉంది. అక్కడ అబార్షన్ ఇంకా శిక్షాస్మృతిలో నేరమే, ఈ చట్టం ఇచ్చేది మినహాయింపు. నిర్ణయం డాక్టరు అభిప్రాయం మీద నడుస్తుంది తప్ప స్త్రీ కోరిక మీద కాదు.

ముందే జాగ్రత్తపడితే ఈ గొడవ ఉండదు కదా?

కొంత తగ్గుతుంది, పోదు. కండోమ్ వాడే జంటల్లో ఏడాదికి నూటికి 13 మందికి, రోజూ మాత్ర వేసుకునేవాళ్ళలో 7 మందికి గర్భం వస్తుంది. ఇవి మామూలు మనుషులు మామూలుగా వాడితే వచ్చే అంకెలు. ఇక అబార్షన్‌ను వ్యతిరేకించే రాజకీయం గర్భనిరోధకాలను పెంచిందా అంటే, తలకిందులైంది. అబార్షన్ ఊసెత్తే విదేశీ సంస్థలకు నిధులు ఇవ్వబోమని 1984లో అమెరికా ఒక విధానం తెచ్చింది. రిపబ్లికన్లు వస్తే అమలు, డెమోక్రాట్లు వస్తే రద్దు. అది అమల్లో ఉన్న ఏళ్ళలో, ఆ నిధుల మీద ఎక్కువగా ఆధారపడ్డ ఆఫ్రికా దేశాల్లో అబార్షన్లు సుమారు 40 శాతం పెరిగాయని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. నిధులు ఆగిపోయిన సంస్థలే గర్భనిరోధకాలు పంచేవి మరి.

ఇష్టం లేని డాక్టరును బలవంతపెడతారా?

వద్దు. కానీ తప్పుకునే డాక్టరు వెంటనే మరొకరి దగ్గరికి పంపాలి, ప్రాణాపాయంలో తప్పుకోకూడదు. ఇటలీలో 1978 నుంచి చట్టం ఉంది, అయినా పది మంది స్త్రీవైద్యుల్లో ఆరుగురికి పైగా మనస్సాక్షి పేరుతో అబార్షన్ చేయబోమంటారు. ఆసుపత్రికి ఆసుపత్రే అలా తయారైతే ఇక చట్టం ఉండీ ఏం లాభం?

గెలిచిన హక్కు మళ్ళీ పోతుందా?

పోతుంది, అమెరికాలో 49 ఏళ్ళ తర్వాత పోయింది. సోవియట్ యూనియన్ 1920లో అనుమతించి, 1936లో నిషేధించి, 1955లో మళ్ళీ అనుమతించింది. వస్తుంది కూడా. అర్జెంటీనా సెనేట్ 2018లో 38 ఓట్లతో బిల్లును ఓడించింది. ఆకుపచ్చ రుమాళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళు వీధులు వదల్లేదు. 2020 డిసెంబరు 30న అదే సెనేట్ అదే 38 ఓట్లతో ఆమోదించింది. ఐర్లండ్‌లో ముందు 99 మంది మామూలు పౌరులను కూర్చోబెట్టి డాక్టర్లను, బాధితులను, వ్యతిరేకులను అందరినీ విన్నారు. 2018 ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం నిషేధాన్ని తీసేయమన్నారు. అమెరికాలో పక్కా సంప్రదాయ రాష్ట్రమైన కాన్సాస్ ఓటర్లు, డాబ్స్ తీర్పు వచ్చిన ఆరు వారాలకే, 59 శాతంతో హక్కు వైపు నిలిచారు. ఫ్రాన్స్ 2024 మార్చి 4న 780 ఓట్లు అనుకూలంగా, 72 ఓట్లు వ్యతిరేకంగా పడగా ఈ స్వేచ్ఛను రాజ్యాంగంలోనే రాసుకుంది.

నేను డాక్టరునూ కాదు, లాయరునూ కాదు. నా వల్ల ఏమవుతుంది?

మీ దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈ సేవ నిజంగా ఉందో లేదో కనుక్కోండి. బోర్డు మీద ఉండి లోపల లేకపోతే రాతపూర్వకంగా అడగండి. సమాచారహక్కు ఉన్న చోట దాన్ని వాడండి. ఎవరైనా మీతో చెప్పుకుంటే "ఎందుకు" అని మొదలుపెట్టకండి, ఎన్ని వారాలైందో అడగండి. సాయానికి అదే ముందు కావాలి. తోడు వెళ్ళండి, లేదా ఆ పూట ఆమె పిల్లల్ని చూసుకోండి.

విన్నది మీ దగ్గరే ఆగాలి. నిషేధం ఉన్న చోట ఫోనులో రాసిన మాట కూడా సాక్ష్యమవుతుంది. 2022లో నెబ్రాస్కాలో ఒక తల్లీకూతుళ్ళ ఫేస్‌బుక్ సంభాషణలను పోలీసులు వారెంటుతో తెప్పించుకుని కేసు నడిపారు, ఇద్దరికీ జైలుశిక్ష పడింది. అలాంటి చోట్ల ఈ విషయం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి.